మైనం మీద బొటనవేలు

మా మేనత్త తాళాలు చేసేది. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ దానితో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. పేటంతటికీ ఆవిడ తాళాలత్త. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా వరస మరిచిపోయి "తాళాలత్తా" అనేవారు. ఆవిడ ఒకసారి గుర్రుగా చూసి, ఆ తర్వాత పలికేది. కోపం ముక్కుమీదే ఉండేది. తుమ్మితే వస్తుంది, తుమ్మకపోయినా వస్తుంది అని మా అమ్మ నవ్వేది.

ఒక పెద్ద ఇంటి మేడమెట్ల కింద ఉండేది కొట్టు. అత్త కూర్చుంటే వచ్చినవాళ్ళు నిలబడాల్సిందే. ఎత్తుగా ఉన్నవాళ్ళు తల వంచి మరీ నిలబడాలి. గోడనిండా గాట్లు పడని తాళంచెవులు గుత్తులుగా వేలాడేవి. బల్లమీద ఆకురాళ్ళు, నూనె సీసా, మైనం డబ్బా. వెనక తెర తీస్తే ఒక గది, అందులో మంచం, స్టవ్వు, ఒక కిటికీ. ఆవిడ సంసారమంతా అంతే.

ఎవరైనా మారు తాళంచెవి కావాలని వస్తే, వాళ్ళ చెవిని మైనంలో రెండువైపులా నొక్కి, అచ్చు తీసుకుని, చెవి వెంటనే వాళ్ళ చేతిలో పెట్టేసేది. అది కొట్లో వదిలేసి వెళ్తే ఇంట్లోకెలా పోతారు పాపం. తర్వాత ఆ అచ్చు చూసుకుంటూ ఆకురాయితో కొత్తది అరగదీసేది. వాళ్ళు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఉండేది అసలు తతంగం. ముందు డబ్బా మూత తీసి వాళ్ళవైపు జరిపేది. "చెరపండి" అనేది. వాళ్ళ అచ్చుని వాళ్ళ బొటనవేలితో వాళ్ళే చెరపాలి. మైనం నున్నగా అయ్యాకే కొత్త చెవి చేతికొచ్చేది. కొంతమంది మొహమాటపడి, "పర్వాలేదండీ, మీమీద నమ్మకముంది" అనేవారు. అప్పుడు ఆవిడకి ఒళ్ళు మండేది.

"నామీద నాకే లేదు నమ్మకం. ముందు చెరపండి."

ఈ పద్ధతి మా తాతయ్య నేర్పింది. తాళాలు చేసేవాళ్ళకి చెయ్యి ఉండాలి, జ్ఞాపకం ఉండకూడదు అనేవాడట. అత్తకి మిగతా విషయాల్లో ఏనుగంత జ్ఞాపకం. నేను రెండో తరగతిలో ఆవిడ గొడుగు పోగొట్టిన సంగతి మొన్నమొన్నటిదాకా ఎత్తిపొడిచేది. ఎవరింటి తాళం ఎలాంటిదో మాత్రం నిజంగానే మర్చిపోయేది.

పేటలో అచ్చు చెరపని మనిషి ఒక్కరే, మా నాన్న. సొంత తమ్ముడు. వార్డు ఆఫీసులో గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి, కానీ తాళంచెవులు పారేసుకోవడంలో అందెవేసిన చెయ్యి. కొత్తది చేయించుకున్న ప్రతిసారీ, "మన మధ్య ఏంటక్కా ఇదంతా? నా దగ్గర దాచేదేముంది, ఉండనీ" అని చెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాడు. అత్త వెనకనుంచి నాలుగు తిట్టి, తనే చెరుపుకునేది.

ఆ రోజుల్లో నాకు ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ. ఇంటికొచ్చేసరికి వీధిలో అన్ని కొట్లూ మూసేసి ఉండేవి, అత్త దీపం తప్ప. రాత్రుళ్ళే కదా జనం తాళంచెవులు పోగొట్టుకుని గుమ్మాల్లో నిలబడేది. అందుకని పొద్దుపోయేదాకా మేలుకునే ఉండేది. నాన్న భోంచేసి వచ్చి మెట్టుమీద కూర్చునేవాడు. ఇద్దరూ టీ తాగుతూ ప్రభుత్వం గురించి పోట్లాడుకునేవారు. నేనూ ఒక గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకుని వినేదాన్ని. ఇంటికెళ్ళి పడుకోక ఎందుకే అని అమ్మ కేకలేసినా కదలబుద్ధి అయ్యేది కాదు.

"ప్రభుత్వమంటే ఎవరో పరాయివాళ్ళా అక్కా? మనమే కదా" అనేవాడు నాన్న.

"మనమేనా? మరి మన ఆఫీసుకి మనం వెళ్తే మనల్ని బయట బెంచీమీద గంటలకొద్దీ ఎందుకురా కూర్చోబెడతారు?"

నాన్నకి రాత్రి జవాబు దొరికేది కాదు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే దొరికేది, అప్పుడు అమ్మకి చెప్పేవాడు.

ఇలా సరదాగా సాగుతున్న పోట్లాట నిజం పోట్లాట కావడానికి కారణం కూడా మా అత్తే. ఎదురింటి పైఅంతస్తులో రిటైరైన పంతులమ్మ ఒక్కతే ఉండేది. ఒక రాత్రి స్నానాలగదిలో జారి పడిపోయింది. తలుపు తాళం లోపలినుంచి వేసి ఉంది. అరుపు విని జనం పోగయ్యారు కానీ, అత్త ఊరి రెండో చివర ఎవరిదో షట్టరు తెరవడానికి వెళ్ళి ఉంది. ఆవిడ వచ్చేలోపు జనం గునపాలతో తలుపుమీద పడ్డారు, తలుపు కదల్లేదు. అత్త అందర్నీ పక్కకి తోసి, రెండు తీగలు పెట్టి, చూస్తుండగానే తెరిచేసింది. కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది. పంతులమ్మ ప్రాణం దక్కింది, కాలు మాత్రం మునుపటిలా నిలబడలేదు.

అత్త ఎన్నాళ్ళో నిద్రపోలేదు. తర్వాత ఒకరోజు తనే వార్డు ఆఫీసుకి వెళ్ళింది. మీకు రాత్రీ పగలూ కాపలా మనిషి ఉంటాడు కదా, గోడకి ఒక చెక్కపలక కొట్టి కొక్కేలు పెట్టండి, ఒంటరిగా ఉండేవాళ్ళు ఇష్టమైతే ఒక మారు చెవి తెచ్చి తగిలించుకుంటారు, ఆపదొస్తే పనికొస్తుంది అంది. ఆఫీసరుగారు మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. ఆ మారు చెవులన్నీ అత్తే ఊరికే చేసి పెట్టింది. మొదటి కొక్కేనికి తగిలింది పంతులమ్మ ఇంటి చెవి. ఆ పలకవల్ల మంచి జరగలేదంటే కళ్ళు పోతాయి. బాలింత బయట, పసిబిడ్డ లోపల ఉండగా గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోతే, కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి తెరిచాడు. ఆ రోజు అత్త మొహం చూడాలి. తనే కన్నట్టు మురిసిపోయింది.

అది పత్రికలో పడింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ తర్వాత గోడకి అంటించిన ప్రకటనలో "ఇష్టమున్నవారు" అన్న మాట మాయమైంది. అందరూ ఇవ్వాలన్నారు, ఆపద అందరికీ వస్తుంది కదా అన్నారు. సరే, నిజమే కదా అని ఇచ్చారు. తర్వాత, నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో చూడటానికి మీరు ఇంట్లో లేకపోయినా వచ్చి చూసి పోతాం, మీకు పని మానుకుని ఇంట్లో ఉండే బాధ తప్పుతుంది అన్నారు. అదీ బాగానే ఉంది. తర్వాత ఏ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో చూస్తామన్నారు. చివరికి తాళాలవాళ్ళకి ఉత్తర్వు వచ్చింది. చేసిన ప్రతి కొత్త చెవికీ జోడీ ఒకటి ఆఫీసుకి ఇవ్వాలి, లేకపోతే లైసెన్సు రద్దు. అత్త ఆ కాగితం చదివి బల్ల సొరుగులో పడేసింది. అత్త తిట్టకుండా ఊరుకుందంటే నాకే భయమేసింది.

కొన్నాళ్ళకి ఒక రాత్రి బట్టలు కుట్టే ఆవిడ కొట్టుకి వచ్చింది. వీధి చివర ఒక్క గదిలో ఉంటుంది, పగలు ఒక పెద్ద కుట్టుదుకాణంలో పని, సాయంత్రం ఇంట్లో సొంత మిషను.

"ఎవరో వచ్చారత్తా ఇంట్లోకి. ఏమీ పోలేదు. సగం కుట్టిన చొక్కా మిషనుమీద వదిలి వెళ్ళాను, దాన్ని మడతపెట్టి పోయారు. నేనలా మడవను."

బల్లమీద ఒక చీటీ కూడా ఉందట. తనిఖీ పూర్తయింది, మీ సహకారానికి ధన్యవాదాలు అని.

"నేను ఇంట్లోనే లేను కదా, సహకరించిందెప్పుడత్తా?" అంటూ ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. "ఆ చొక్కా మళ్ళీ ముట్టుకోబుద్ధి కావట్లేదు. తాళం మార్చెయ్యి."

అత్త అప్పటికప్పుడు వెళ్ళి తాళం మార్చింది. దానికి రెండో చెవి కావాలంటే అచ్చు తీసి చేసింది. మైనం డబ్బా ముందుకి జరిపింది. ఆవిడ బొటనవేలితో గట్టిగా, రెండుసార్లు చెరిపింది. ఆఫీసుకి జోడీ వెళ్ళలేదు.

ఇలాంటివి ఎంతసేపు దాగుతాయి? నాలుగు రోజులకే నాన్న రాత్రి మొహం వేలాడేసుకుని వచ్చాడు. టీ గ్లాసు తీసుకోలేదు.

"అక్కా, ఆ మిషనావిడ తాళంచెవి జోడీ రేపటికల్లా ఇవ్వాలిట. లేకపోతే కొట్టు మూయిస్తారు. ఆఫీసరుగారు నీమీద గౌరవంకొద్దీ ముందుగా నాతో చెప్పి పంపించారు."

"మహా గౌరవం."

"ఎందుకక్కా మొండితనం? మంచికోసమే కదా పెట్టారు. ఏ తప్పూ చెయ్యనివాళ్ళకి భయమెందుకు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు..."

"అందరి భుజాలూ మీరే తడుముతున్నారు కదరా!"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నాన్నకి మాత్రం రోషం వచ్చింది. అంత రోషం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

"సరే. పంతులమ్మ పడిపోయిన రాత్రి ఆ తాళంచెవి ఎక్కడో ఒకచోట ఉండి ఉంటే? చెప్పు. ఆవిడ ఇవాళ నడిచేది కాదా?"

అత్త చేతిలో ఆకురాయి ఆగిపోయింది. వీధిలో ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది.

"నడిచేది" అంది చివరికి. "అది నేను ఒక్క రాత్రి కూడా మర్చిపోలేదురా. అందుకే ఆ పలక పెట్టించింది నేనే. ఏకై వచ్చి మేకై కూర్చుంటుందని అనుకోలేదు. రోజూ దీపం ఆర్పాక ఇదే ఆలోచన. తప్పెక్కడ జరిగింది, మొదటి కొక్కెం దగ్గరా, నూరో కొక్కెం దగ్గరా అని. మొదటిది తప్పు కాదు. పంతులమ్మ తనే ఇచ్చింది. ఇచ్చింది అంటే, మళ్ళీ అడిగితే వెనక్కి రావాలి. అడగడానికి వీల్లేకపోతే అది ఇచ్చినట్టు కాదు, లాక్కున్నట్టు."

"నా దగ్గర దాచేదేం లేదక్కా. నా ఇల్లు ఎవరైనా చూసుకోవచ్చు."

"దాచేదేం లేని ఇంటికి తలుపెందుకు పెట్టుకున్నావురా మరి? నేను ఆ తెర వెనక ఏం చేస్తానో తెలుసా? ఏమీ చెయ్యను. మంచంమీద కూర్చుని గోడకేసి చూస్తాను. ఆ గోడకేసి చూడటం నాది. ఎవరో వచ్చి, అబ్బే ఏమీ లేదు, గోడకేసి చూస్తోంది అంతే అని రాసుకుపోతే, రేపణ్ణుంచి నేను గోడకేసి కూడా చూడలేను."

నాన్న లేచాడు. "నా ఉద్యోగం కూడా ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు. ఆ మాట అత్తకి బాగా గుచ్చుకుంది. మా ఇల్లు గడిచేది ఆ ఉద్యోగంమీదే. ఆ రాత్రి అత్త దీపం ఆరలేదు. నేను కిటికీలోంచి చూస్తూ, ఇచ్చేస్తే పోతుంది కదా అని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు.

మర్నాడు అత్త ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఆఫీసుకి వెళ్ళింది. నేను వెంటపడ్డాను. అప్పటికి పలకలు ఒక గదినిండా అయ్యాయి. అత్త ఆఫీసరుగారి బల్లమీద ఒక తాళంచెవి పెట్టింది.

"ఇది నా కొట్టుది, నా ఇంటిదీ. ఎప్పుడైనా రండి, చూసుకోండి. నాది కాబట్టి ఇస్తున్నాను. మిషనావిడది నేనివ్వలేను, అది నాది కాదు. కావాలంటే ఆవిడ్నే అడగండి."

ఆఫీసరుగారు నొచ్చుకున్నాడు. "ఈ పలక పెట్టమన్నది మీరే కదమ్మా."

"నేనే. అందుకే నేనే వచ్చాను చెప్పడానికి. అప్పుడు జనం వచ్చి తగిలించారు. ఇప్పుడు మీరు తగిలించుకుంటున్నారు."

"నేను పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి."

"నేను కిందివాళ్ళకి చెప్పుకోవాలి బాబూ" అని వచ్చేసింది. పక్క బల్ల దగ్గర నాన్న కాగితాల్లోకి తల దూర్చుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

ఆ సాయంత్రమే, నేను డ్యూటీకి బయల్దేరబోతుండగా కొట్టు మూయించారు. మూయడానికి పంపింది ఎవర్నో కాదు, నాన్ననే. వెనక గదికి సందులోంచి వేరే గుమ్మం ఉంది, అది వదిలేసి ముందుదానికి తాళం వెయ్యమన్నారు. నాన్న తెచ్చిన తాళంకప్ప ఆఫీసుది, ఒకప్పుడు అత్త చేసిందే. ఆయన ఎంత నొక్కినా అది గడియలో పట్టలేదు. వీధంతా చూస్తోంది. అత్త ఒక్క క్షణం చూసి, దగ్గరికి వచ్చి, "కొంచెం పైకెత్తి నొక్కాలిరా, అది మొండిది" అని చెప్పింది. నాన్న వేసి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రినుంచి మెట్టుమీద టీ లేదు, పోట్లాట లేదు. ఇంటికొస్తూ ఆ చీకటి మెట్టు కనబడగానే నేను వీధి అవతలి పక్కకి మారి నడిచేదాన్ని.

అత్త మిషనావిడ గదిలో ఒక మూల కూర్చుని గుండీలు కుట్టిపెట్టేది. ఘోరంగా కుట్టేది. ఆవిడ మొహమాటపడి, అత్త వెళ్ళిపోయాక మళ్ళీ విప్పి కుట్టుకునేది.

తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు. మధ్యాహ్నంపూట మా అమ్మ ముందుగదిలో నేలమీద కునుకు తీస్తోంది. కళ్ళు తెరిచేసరికి ఇద్దరు మగవాళ్ళు నిలబడి మంచాలు లెక్కపెడుతున్నారు. అమ్మ కేక వేసింది. వాళ్ళు కూడా హడలిపోయారు. తర్వాత నాన్న ఫోటో చూసి, "అయ్యో, సార్ వాళ్ళ ఇల్లని తెలీదండీ" అని క్షమాపణ చెప్పి పోయారు. రాత్రి అమ్మ ఇది చెబుతుంటే నాన్న అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"మనిల్లని తెలిస్తే వచ్చేవాళ్ళు కాదట. ఎవరిదో అయితే పర్వాలేదన్నమాట" అంది అమ్మ. నాన్న చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ వారంలోనే పంతులమ్మ నన్ను కేకేసింది. మెట్లు దిగాలి, చెయ్యి పట్టుకో అంది. పడిన తర్వాత ఆవిడ మళ్ళీ వీధిలోకి రావడం అదే మొదలు. చేతికర్రతో, మెట్టుకొకసారి ఆగుతూ, నన్ను తిడుతూ ఆఫీసుదాకా నడిచింది. నాన్న బల్ల ముందే నిలబడింది.

"నా తాళంచెవి నాకిచ్చెయ్యండి."

"ఎందుకండీ?" అన్నాడు పక్కనున్న గుమాస్తా.

"నాది కాబట్టి."

తిరిగివ్వడానికి నిబంధన లేదన్నాడు అతను. ఆవిడ కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. ఆ కాలుతో నిలబడే ఉంది. ఆఫీసరుగారు గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు నాన్న లేచాడు. ఎవర్నీ అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, మొదటి కొక్కెం నుంచి చెవి తీసి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు.

పంతులమ్మ దాన్ని పిడికిట్లో పెట్టుకుని కాసేపు ఉంది. తర్వాత కర్ర నాకిచ్చి, గోడ పట్టుకుని, అదే కొక్కేనికి తనే మళ్ళీ తగిలించింది.

"నాకిది అవసరం. నేను మళ్ళీ పడతాను" అంది. "కానీ ఇప్పుడు ఇచ్చింది నేను. అడిగినప్పుడు తీసుకుపోయేదీ నేనే."

ఆ మాట సాయంత్రానికి పేటంతా పాకింది. మర్నాటినుంచి జనం వచ్చి తమ చెవి తాము అడగడం మొదలెట్టారు. కొందరు తీసుకుని జేబులో వేసుకున్నారు. కొందరు తీసుకుని, చూసుకుని, మళ్ళీ తగిలించారు. అందరికీ తీసిచ్చింది నాన్నే. మెమో ఇచ్చారు ఆయనకి. దాన్ని మడిచి చొక్కాజేబులో పెట్టుకుని పని చేసుకుపోయాడు. ఉత్తర్వు రద్దవలేదు. పైకి రాశారు, పైవాళ్ళు ఇంకా పైకి రాశారు, అలా అలా అటకెక్కింది. కొంతకాలానికి అత్త కొట్టు తాళం తీసేశారు.

మా అత్త దేవత కాదు. తెరిచిన మొదటి రోజే ముగ్గురితో గొడవ పెట్టుకుంది. కానీ ఒక పని మొదలుపెట్టింది. రోజూ కొట్టు కట్టేముందు, ఒంటరిగా ఉండేవాళ్ళ గుమ్మం గుమ్మం దగ్గరికి వెళ్ళి తలుపు కొట్టేది. లోపలినుంచి పలుకు వచ్చేదాకా కదిలేది కాదు. "బతికే ఉన్నానే తల్లీ, నిద్రపోనీ" అని పంతులమ్మ రోజూ విసుక్కునేది. తలుపులు అడక్కుండా తెరవకూడదు అన్నవాళ్ళు తలుపులు కొట్టే పని కూడా చెయ్యాలి కదా అనేది అత్త. ఆవిడంటే నాకు అన్నిటికంటే ఎక్కువ గౌరవం కలిగింది ఆ తిరుగుడు చూసే.

ఒక రాత్రి నేను డ్యూటీనుంచి వస్తుంటే మెట్టుమీద నాన్న ఉన్నాడు. పక్కన టీ గ్లాసు. మా ఇంటికి కొత్త తాళం వేయించాడు, దానికి మారు చెవి కావాలని వచ్చాడు. అత్త అరగదీయడం పూర్తిచేసి, చెవిని గుడ్డతో తుడిచి, బల్లమీద పెట్టింది. మైనం డబ్బా మూత తీసింది. అలవాటుకొద్దీ తనే చెరపబోయి, ఆగింది.

నాన్న డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. అచ్చువైపు కాసేపు చూశాడు. బొటనవేలు పెట్టి చెరిపాడు.

అత్త దీపం దగ్గరికి తెచ్చి, డబ్బాలోకి తొంగిచూసింది.

"గట్టిగా నొక్కరా, ఇంకా సగం కనిపిస్తోంది."